కొబ్బరి నూనె ఆవకాయ

మా ఇంట్లో ఒక ఏడాది ఆవకాయ కొబ్బరి నూనెతో పెట్టారు. ఈ సంగతి గోదావరి జిల్లాల్లో ఎవరికి చెప్పినా ముందు నమ్మరు, నమ్మాక మొహం అదోలా పెడతారు. అదే కేరళ వాళ్లకి చెబితే ఇందులో వింతేముందండీ అంటారేమో. ఆ ఆవకాయకి కారణం దేశం తగ్గించిన దిగుమతి సుంకం అని మా అన్నయ్య అనేవాడు. నా పిరికితనం అని నేను అనుకుంటాను.

తొంభైల చివరి మాట. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. అన్నయ్యకి చిన్న కొబ్బరి నూనె మిల్లు ఉండేది. నూనె ఆడే ఎక్స్‌పెల్లరు ఒకటి, నాలుగు పీపాలు, ఎండుకొబ్బరి ఆరబోసుకునే గచ్చు, నలుగురు పనివాళ్లు. నాన్న పోయినప్పుడు అన్నయ్య ఇంటరు మధ్యలో మానేసి ఆ మిల్లులో కూర్చున్నాడు. నన్ను మాత్రం ఎం.ఏ. ఎకనామిక్స్ దాకా చదివించాడు. అమలాపురంలో జూనియర్ లెక్చరర్‌గా నాకు ఉద్యోగం వచ్చిన రోజున పనివాళ్లకి జిలేబీలు పంచిపెట్టి, "ఇంక దేశం సంగతి మావాడు చూసుకుంటాడు, నూనె సంగతి మనం చూసుకుందాం" అన్నాడు. వాళ్లు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. నేను చదివాను కాబట్టి నేను చెప్పింది ఖాయం అని ఆయన నమ్మకం. అంత నమ్మకం పెట్టుకున్న మనిషితో ఒకే ఇంట్లో ఉండడం ఎంత భయమో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.  మిల్లు కష్టాల్లో పడ్డ ఆ రెండేళ్లూ నేను సరిగా అన్నం తిన్నట్టు గుర్తులేదు.

అప్పట్లో బయటి దేశాల నుంచి పామాయిలు వచ్చి పడేది. ఓడల్లో కాకినాడ రేవుకి చేరి, అక్కడ నుంచి ట్యాంకర్లలో ఊళ్ల మీదకి వచ్చేది. రేషను షాపులో అదే, హోటళ్లలో అదే, బజ్జీల బండి మీద అదే. దాని మీద సుంకం తగ్గించారని పేపర్లో వచ్చాక సబ్బులు చేసేవాళ్లూ నూనెలు కలిపి అమ్మేవాళ్లూ కూడా చౌక సరుకు వైపు మళ్లారు. కొబ్బరి ధర పడిపోయింది. మిల్లు వారంలో నాలుగు రోజులు ఆడేది, తర్వాత మూడు రోజులైంది. ఎక్స్‌పెల్లరు చప్పుడు మా ఇంటికి వినపడుతుంది. అది ఆగిన రోజున వదిన వంటింట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా పెట్టేది, ఆ నిశ్శబ్దం భరించలేక.

నా అవస్థ వేరు. పొద్దున్నే కాలేజీలో బోర్డు మీద గీతలు గీసి, ఎవరికి ఏది చౌకగా చేయడం చేతనవుతుందో వాళ్లు అది చేసుకుని మిగిలినవి కొనుక్కుంటే అందరికీ లాభమని పిల్లలకి చెప్పేవాణ్ణి. సుంకాలు వేస్తే కొనుక్కునేవాడు నష్టపోతాడని కూడా చెప్పేవాణ్ణి. సాయంత్రం ఇంటికొస్తే అన్నయ్య వీధి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని ఉండేవాడు.

"ఏరా, మన కాయ మన చెట్టుది, మన మిల్లులో ఆడింది. దాన్ని కాదని సముద్రం అవతల నుంచి తెప్పించుకోవడం ఏంటిరా? మీ పుస్తకాల్లో దీనికేం రాశారు?"

"రెండు రకాలుగానూ రాశారు అన్నయ్యా" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ నేను ఆ మాట అనేది నిజం చెప్పడానికి కాదు, అక్కడి నుంచి లోపలికి వెళ్లిపోవడానికి.

ఇలా ఉండగా ఏప్రిల్లో, కొబ్బరి ధరల గురించి రైతులూ మిల్లుల వాళ్లూ ఏమంటారో వినడానికి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. కల్యాణ మండపంలో మీటింగు. చిన్న మిల్లుల తరఫున మాట్లాడమని అందరూ అన్నయ్యని అడిగారు. అన్నయ్యకి నలుగురి ముందు నోరు పెగలదు. నన్ను రాసిమ్మన్నాడు.

ఒక ఆదివారం పగలంతా కూర్చుని రాశాను. మిల్లుల వల్ల ఎంతమందికి పని, చిన్నవాళ్లు నిలదొక్కుకోవడానికి సుంకం ఎందుకు కావాలి, ఇక్కడి సరుకు ఇక్కడే తయారైతే ఊళ్లు ఎలా నిలబడతాయి, అన్నీ రాశాను. రాస్తూ రాస్తూ చివర్లో, చెయ్యి దానంతటదే రాసిందా అన్నట్టు, ఈ రెండు వాక్యాలు కూడా రాశాను. "అయితే ఈ నూనెని మనం తలకి రాసుకుంటాం గానీ తినం. మనమే తినని నూనెని దేశం ఎందుకు కాపాడాలని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి."

అది నిజం. కోనసీమలో ప్రతి పెరట్లోనూ కొబ్బరి చెట్టు ఉంటుంది. పచ్చడి చేసుకుంటాం, కూరలో వేసుకుంటాం, లౌజు చేసుకుంటాం. నూనె మాత్రం తల వరకే. వంటకి నువ్వుల నుంచి తీసిన పప్పునూనె, వేపుళ్లకి వేరుశెనగ నూనె. అంతకంటే చెప్పుకోలేని సంగతి ఏంటంటే, పిండి వంటలకి మా వదిన కూడా రేషను పామాయిలే వాడేది. అన్నయ్య తిని బాగున్నాయనేవాడు.

ఆ వాక్యాలు రాసి తలెత్తేసరికి అన్నయ్య మజ్జిగ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ మొహంలో సంతోషం చూశాను. తన తమ్ముడు తన కోసం పెద్దాఫీసరుకి రాస్తున్నాడు. గ్లాసు అందుకునే లోపల ఆ రెండు వాక్యాలనీ అక్షరం కనబడకుండా పెన్నుతో కొట్టేశాను. సిరా ఆరాక కాగితం మడిచి ఇచ్చాను. ఇంతకంటే చిన్న పని నా జీవితంలో చేసి ఉండను. ఇంతకంటే తప్పు పని కూడా.

మీటింగు రోజున అన్నయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లాడు. మధ్యలో టీ, బజ్జీల ఏర్పాటు కూడా తనే చూశాడు. బస్టాండు దగ్గర బండి పెట్టుకునే ఒకావిడని పిలిపించి మండపం వెనక పొయ్యి పెట్టించాడు. అన్నయ్య కాగితం చూసి తడబడకుండా చదివాడు. చప్పట్లు కొట్టారు. ఆఫీసరు బుద్ధిగా రాసుకున్నాడు. 

ఈలోగా బజ్జీల పళ్లేలు వచ్చాయి. అందరూ తింటుండగా ఆఫీసరు, "ఇంకెవరైనా ఏమైనా చెప్తారా?" అని అడిగాడు. గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ బజ్జీలావిడ కొంగు సవరించుకుంది.

"ఆయ్, నాకు చదువు లేదండి. ఆ సుంకం పెంచితే పామాయిలు రేటు పెరుగుద్ది కదండి. నేను బజ్జీ రేటు పెంచితే కొనేవోళ్లు కొనరండి. బాబుగారి మిల్లు ఆడాలనే నాకూ ఉందండి, ఆరి మేలు నేను మర్చిపోనండి. ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. బాబుగారూ, మీ ఇంట్లో కూర ఏ నూనెతో వండుతారండి?"

ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అన్నయ్య చేతిలో కాగితం వైపు చూశాడు. అందులో జవాబు ఉండాలన్నట్టు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నేను మూడో వరసలో కూర్చుని నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"పప్పునూనె" అన్నాడు. కాగితం మడిచి, "పామాయిలు కూడా" అన్నాడు. ఆయనకి అబద్ధం ఆడడం రాదు.

మండపం అంతా గొల్లుమంది. చేతుల్లో పామాయిలు బజ్జీలు పట్టుకున్న మిల్లు యజమానులు కూడా నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, పెన్ను మూత పెట్టేశాడు. ఆ మూత పెట్టడం నేను చూశాను.

 ఇంటికొచ్చే దారిలో అన్నయ్య నన్ను తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్లి, "రేపటి నుంచి ఈ ఇంట్లో అన్నీ మన నూనెతోనే" అన్నాడు.

వదిన మొదట నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి పామాయిలు డబ్బా పక్కన పెట్టేసింది. కూరల దాకా ఏదో సర్దుకున్నాం. అసలు గొడవ మే నెలలో మామిడికాయలు వచ్చినప్పుడు మొదలైంది.

"ఆవకాయ కూడానా? ఏడాది పచ్చడండీ అది. మీ పంతానికి జాడీ అంతా పాడుచేసుకుంటామా?" అంది వదిన.

"పాడెందుకవుతుంది? అది నూనె కాదా? ఆవకాయలో కలిస్తేనే మనం తిన్నట్టు. అప్పుడు ఎవరడిగినా జాడీ ముందు పెడతాను."

వదిన నా వైపు చూసింది. "మీరైనా చెప్పండి లెక్చరర్ గారూ" అంది. ఆవిడకి నా మీద కోపం వచ్చినప్పుడు అలా పిలిచేది. నేను చెప్పాల్సింది ఎంతో ఉంది. "ఒక ఏడాది చూద్దాంలే వదినా" అన్నాను.

చివరికి రాజీ కుదిరింది. అన్నయ్య పిల్లలకి మాత్రం ఒక చిన్న జాడీ పప్పునూనెతో. మిగతాది కొబ్బరి నూనెతో. పెట్టిన మూడో రోజు తిరగ కలిపేటప్పుడు మూత తీస్తే ఇల్లంతా తలంటు రోజు వాసన వచ్చింది. పిల్లలు ముక్కులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తారు. అన్నయ్య ఒక్కడే వేడన్నంలో కలుపుకుని రెండు వాయిలు తిన్నాడు. నేను పిల్లల జాడీలోంచి తినేవాణ్ణి, ఆయన మిల్లులో ఉన్నప్పుడు.

వానాకాలం అంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆయన ఆవకాయ పెట్టేవాడు. మొహమాటానికి బాగుందనేవారు. ఆ మాటలన్నీ ఆయన నిజమనుకునేవాడు. మిల్లు అప్పటికి వారానికి రెండు రోజులకొచ్చింది, ఇద్దరు పనివాళ్లు మానేశారు. అలాంటప్పుడు రాజమండ్రిలో పెద్ద హోటలు ఉన్నాయన ఒకరు పరిచయమయ్యారు. వంటకి కొబ్బరి నూనె పనికొస్తుందని తన నాలుకకి తెలిస్తే నెలనెలా డబ్బాలు తీసుకుంటానన్నారు. కార్తీకమాసంలో కొబ్బరి తోటలో మేం చేసే వనసమారాధనకి వచ్చి రుచి చూస్తానన్నారు.

"ఇది కుదిరితే మిల్లు ఆగదురా. కుదరకపోతే ఎక్స్‌పెల్లరు అమ్మేయడమే" అన్నాడు అన్నయ్య. ఆ మాట మామూలుగానే అన్నాడు. 

ఆ ఏడు చలి ముందే వచ్చింది. ఒకరోజు పొద్దున్న వంటింట్లోకి వెళ్తే వదిన వాడకం జాడీని స్టవ్వు పక్కన పెట్టి తిప్పుతోంది. పెద్ద జాడీలోంచి ఎప్పటికప్పుడు తీసి పెట్టుకునే చిన్న జాడీ అది. తొంగి చూశాను. ఆవకాయ మీద నూనె తెల్లగా, నెయ్యిలా పేరుకుని ఉంది. ఎర్రటి ముక్కలు ఆ తెలుపులో కూరుకుపోయి ఉన్నాయి.

"పది రోజులుగా ఇదే తంతు. ఆయన అన్నానికి కూర్చునే లోపు కరిగిస్తున్నాను. చూస్తే బాధపడతారు. మీరు చెప్పకండి" అంది.

చెప్పనన్నాను. ఆ క్షణంలో మేమిద్దరం ఎంత మంచివాళ్లమో అనిపించింది. ఆయన్ని చలి నుంచీ నవ్వుల నుంచీ కాపాడుతున్నాం అనుకున్నాం. చీకటి గదిలో గచ్చు మీద ఉన్న పెద్ద జాడీ సంగతి ఇద్దరికీ తట్టలేదు. కాదు, నాకు తట్టింది. సమారాధన ముందు రోజు సాయంత్రం తట్టింది. అన్నయ్య ఆ జాడీ మూతికి కొత్త గుడ్డతో వాసెన కట్టి, దానికి పసుపు దారం చుట్టి, తోటకి తీసుకెళ్లడానికి సిద్ధం చేసుకుంటున్నాడు. మూత తీయకుండా కట్టేస్తున్నాడు. "ఒకసారి చూడు అన్నయ్యా" అని నోటి దాకా వచ్చింది. ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడగా విని ఏడాది దాటింది. నేను ఊరుకున్నాను.

హోటలాయన రాజమండ్రి తిరిగి వెళ్లాలని పెందలాడే వచ్చేశారు. ఎనిమిదిన్నర అయి ఉంటుంది. తోటలో ఇంకా మంచు తడి ఆరలేదు. ఉసిరి చెట్టు కింద ఆకు వేసి, వేడివేడి ఇడ్లీలు పెట్టి, అన్నయ్య జాడీ తెప్పించాడు. మిల్లుల వాళ్లంతా చుట్టూ చేరారు. ఏప్రిల్లో నవ్విన వాళ్లే. గుడ్డ విప్పి మూత తీశాడు.

లోపల తెల్లటి గడ్డ. గరిటె దింపబోతే దిగలేదు. గట్టిగా నొక్కాడు. టక్ మని చప్పుడైంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో. హోటలాయన చాలా మర్యాదస్తుడు. "పర్లేదండి, ఎండెక్కాక కరుగుద్ది కదండి. మా హోటల్లో పొద్దున్నే నాలుగింటికి పొయ్యి వెలిగిస్తామండి, అదీ ఇబ్బంది" అన్నారు. ఇడ్లీలు ఉత్త చట్నీతో తిని, తోట బాగుందని చెప్పి, కారెక్కి వెళ్లిపోయారు.

అన్నయ్య జాడీని రెండు చేతులా ఎత్తి, చెట్ల నీడ లేని చోటికి మోసుకెళ్లి, ఎండలో పెట్టాడు. పక్కనే తువ్వాలు పరచుకుని కూర్చున్నాడు. అందరూ వంటల దగ్గరికి సర్దుకున్నారు. నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.  కాసేపటికి జాడీ అంచుల దగ్గర నూనె కొద్దిగా పసుపు రంగు తిరగసాగింది.

"కొబ్బరి నూనె చలికి పేరుకుంటుందని నాకు తెలీదంట్రా? పుట్టిన దగ్గర నుంచీ అందులోనే ఉన్నాను. ఉప్పూ కారం కలిశాక పేరుకోదేమో అనుకున్నాను. మొన్నటి దాకా రోజూ ఇంట్లో తింటున్నాను కదా, ఒక్కనాడూ పేరుకోలేదు" అన్నాడు.

ఇంక దాచలేకపోయాను. "వదిన స్టవ్వు పక్కన పెట్టి కరిగించేది అన్నయ్యా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

తల ఊపాడు. కోపం రాలేదు. జాడీని కొంచెం జరిపాడు, ఎండ లోపలి దాకా పడేలాగా.

"ఆ మీటింగు కాగితంలో రెండు వరసలు కొట్టేశావు గుర్తుందా?" అన్నాడు.

ఆయన వైపు తిరిగాను. "చదివావా?"

"ఎండకి పట్టుకుని చదివాను. మీటింగుకి వెళ్లే ముందే."

"మరి జవాబు ఆలోచించుకోలేదా అన్నయ్యా?"

"ఎందుకు ఆలోచిస్తాను? నువ్వు కొట్టేశావు కదా. అంత చదువుకున్నవాడు కొట్టేశాడంటే ఎవరూ అడగరని తెలిసే కొట్టేసి ఉంటాడనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ల వాణ్ణి, పదిమంది తిరుగుతున్న తోటలో, ఏడ్చాను. ఆయన చూడనట్టు తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాతి వేసవికి అన్నయ్య మిల్లు అమ్మేశాడు. సుంకం ఆ తర్వాత పెంచారు, తగ్గించారు, మళ్లీ పెంచారు. ఆ వార్తలు పేపర్లో కనబడిన ప్రతిసారీ నాకు ఆ ఎండా ఆ జాడీయే గుర్తొచ్చేవి.

ఆ రోజు మధ్యాహ్నానికి నూనె కరిగి పైకి తేలింది. అన్నయ్య ఆకులో అన్నం పెట్టించుకుని, ఆవకాయ కలిపి, ఒక ముద్ద నా చేతిలో పెట్టాడు. ఆరు నెలలుగా ఇంట్లో ఉన్న ఆ పచ్చడిని నేను అదే మొదటిసారి తినడం.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

నమిలి మింగాను. "బాగాలేదు అన్నయ్యా."

ఆయన ఇంకో ముద్ద కలుపుకుని తను తిన్నాడు. నెమ్మదిగా నమిలాడు.

"ఆ మాట వేసవిలోనే చెప్పాల్సిందిరా" అన్నాడు.